కుమ్మరి చేసే మట్టి ఫిల్టరు మా కాలనీకి పనికొస్తుందా?

ఆశా వర్కర్, చంద్రగిరి మండలం:
నేను చూసే కాలనీలో అందరూ కూలికి పోయేవాళ్లే. పని దొరికిన రోజు ఇరవై లీటర్ల క్యాను కొంటారు, దొరకని రోజు బోరు నీళ్లే. ఆ బోరు పక్కనే మురుగు కాలువ. వానలు పడితే పిల్లలకు విరేచనాలు మొదలవుతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి, మళ్లీ అవే నీళ్లలో కలపమని చెప్పాల్సి వస్తుంది. ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను. కాచి తాగమంటే గ్యాసు ఎక్కడిదమ్మా అంటారు, అదీ న్యాయమే. కుండ మట్టితో ఫిల్టరు చేస్తారని విన్నాను. పలమనేరులో అంత మంచి పనివాళ్లు ఉన్నారు కదా, ఇక్కడే చేయించలేమా? కరెంటు అక్కర్లేనిది కావాలి.

మట్టిపని, పలమనేరు:
చేయించొచ్చు అక్కా. 1981లో గ్వాటెమాలాలో మొదలైన పద్ధతి ఇది. 1998లో మిచ్ తుఫాను తర్వాత నికరాగ్వాలో బాగా వాడుకలోకి వచ్చింది. బంకమట్టిలో జల్లించిన వరి పొట్టు గానీ రంపపు పొట్టు గానీ కలిపి, పూలకుండీ ఆకారంలో ఒత్తి కాలుస్తారు. పొట్టు కాలిపోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి నీళ్లు దిగుతాయి, క్రిములు చాలావరకు ఆగిపోతాయి. మిగిలినవాటి కోసం వెండి ద్రావణం పూస్తారు. గంటకు 1 నుంచి 3 లీటర్లు వస్తాయి.

కష్టమంతా పొట్టు పాళ్లలోనే. ఎక్కువైతే నీళ్లు బిరబిరా కారిపోతాయి, వాటితో క్రిములూ దాటతాయి. తక్కువైతే ఇల్లు మొత్తానికి చాలవు. ఒక్కో చెరువు మట్టిది ఒక్కో గుణం కాబట్టి, పాళ్లు ఇక్కడే తేల్చుకోవాలి. బట్టీలో వేడి కూడా సమంగా ఉండాలి. కాల్చాక ప్రతి కుండనూ నింపి, గంటకు ఎంత దిగుతోందో కొలిచి, వేగంగా కారేవాటిని పగలగొట్టేయాలి. ఆ పని వదిలేసి అమ్మితే పిల్లల ప్రాణాలతో ఆడుకున్నట్టే.

నీళ్ల పరీక్షల ల్యాబులో చేసి రిటైరైనవాణ్ణి, చిత్తూరు:
అమ్మా, ముందు ఆ బోరులో ఏముందో చూడండి. మట్టి ఫిల్టరు ఫ్లోరైడును ఆపదు. కాచినా అది పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందంటే ఆ బోరు తాగడానికి వదిలేయాల్సిందే. లేదంటే పటిక, సున్నంతో తేర్చే నల్గొండ పద్ధతి లాంటిది కావాలి. క్రిములు ఉన్నాయో లేదో చూడ్డానికైతే హెచ్‌టూఎస్ సీసా అనే పరీక్ష సీసా చాలా చవక. నీళ్లు పోసి వెచ్చగా ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మురుగు కలుస్తోందనే అనుకోండి.

ఫిల్టర్లు వచ్చేదాకా పిల్లలను ఆ నీళ్లకు వదలొద్దు. క్లోరిన్ బిళ్లలు ఇప్పించండి. వేసి అరగంట ఆగాక లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి.

అంగన్‌వాడీ, శ్రీకాళహస్తి:
ఏ ఫిల్టరైనా కింద కొళాయి ఉన్న డబ్బా, పైన మూత తప్పనిసరి అక్కా. శుభ్రమైన బిందెలో పిల్లాడు చెంబుతో చెయ్యి ముంచాడంటే అంతా మొదటికే.

ఆశా వర్కర్, చంద్రగిరి మండలం:
అందరికీ థ్యాంక్స్. సార్, పంచాయతీలో టెస్ట్ కిట్ ఉందేమో రేపే అడుగుతాను, బిళ్లలు కూడా. అన్నా, మా చెరువు మట్టి ఒక బస్తా, రైసుమిల్లు పొట్టు ఒక బస్తా బస్సుకు వేస్తే కాల్చి చూస్తారా?

మట్టిపని, పలమనేరు:
వేయండి అక్కా. పై మట్టి వద్దు, కాస్త లోతున తవ్వి తీయించండి. పొట్టు తడవకుండా చూడండి.