'ఏన్షెంట్' అంటే ప్రాచీనం కాదంట (టార్టన్ మాటల గొడవ)

మా పిన్ని కొడుకు గ్లాస్గోలో ఎమ్మెస్ అయిపోయి వస్తూ నాకో టార్టన్ (స్కాట్లాండ్ వాళ్ళ రంగురంగుల గళ్ళు) మఫ్లర్ తెచ్చాడు, లేబుల్ మీద 'ఏన్షెంట్ క్యాంప్‌బెల్' అనుంది. క్యాంప్‌బెల్ అంటే అక్కడి ఒక వంశం. నేను ఆగకుండా 'ప్రాచీన క్యాంప్‌బెల్ వంశపు గళ్ళు' అని తెలుగు చేసేసి స్టేటస్ పెట్టేసుకున్నా. తర్వాత తవ్వి చూస్తే నాలుగు మాటల్లో రెండు తేడా కొట్టాయి.

ఈ 'ఏన్షెంట్' అనేది కాలం కాదండీ, రంగు. ఒకే గళ్ళ వరసని మిల్లు వాళ్ళు మోడర్న్, ఏన్షెంట్, వెదర్డ్ అని రకరకాల రంగుల్లో అమ్ముతారు. మోడర్న్ అంటే కెమికల్ రంగులొచ్చాక అలవాటైన ముదురు నీలం, సీసా పచ్చ. ఏన్షెంట్ అంటే చెట్ల నుంచి తీసిన పాతకాలపు రంగులు ఇలా ఉండేవేమో అన్నట్టు లేతగా అద్దినవి, అదీ 20వ శతాబ్దంలో మొదలెట్టిందే. వెదర్డ్ అయితే మట్టిలో పడి ఉన్న బట్టలా గోధుమ, బూడిద రంగులు. నా మఫ్లర్ నీలం చూస్తే పదేళ్ళు ఉతికిన జీన్స్ గుర్తొస్తుంది. తమాషా ఏంటంటే నీలిమందు, కొచినీల్ పురుగు ఎరుపు వాడిన నిజం పాత బట్టలు బాగా ముదురుగానే ఉండేవి. అందుకే నా ఓటు లేత, ముదురు, వెలిసిన అనే మాటలకి.

ఇక 'వంశపు', అదీ అనుకున్నంత పాతది కాదు. 1746లో కలోడెన్ యుద్ధంలో బ్రిటిష్ రాజు మీద తిరగబడ్డవాళ్ళు ఓడాక హైలాండ్ (స్కాట్లాండ్ కొండసీమ) వేషం మీద నిషేధం పెట్టారు, 1782లో తీశారు, సైన్యానికి మాత్రం అది వర్తించలేదు. క్యాంప్‌బెల్ వాళ్ళదనే వరస ఆ సైన్యంలోని బ్లాక్ వాచ్ అనే రెజిమెంట్‌దే! 1815లో లండన్ హైలాండ్ సొసైటీ మీ మీ టార్టన్ ముక్క పంపండి అని వంశపెద్దల్ని అడిగింది, 1822లో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వస్తుంటే అందరికీ తలా ఒకటి కావాల్సొచ్చింది, స్కాట్లాండ్‌లోని బ్యానక్‌బర్న్ ఊళ్ళో విల్సన్స్ అనే నేత కంపెనీకి పండగ. అంతకుముందు వాళ్ళ దగ్గర చాలా డిజైన్లకి నంబర్లు, ఊళ్ళ పేర్లే. 1842లో పాత రాతప్రతి నుంచి తీశామని ఒక పుస్తకం కూడా వచ్చింది, అది దొంగదని తేలినా అందులోని గళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయి.

> మరి మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో ప్లెయిడ్ షర్ట్ అంటారు కదండీ, అదీ ఇదీ ఒకటేనా?

అక్కడ ఒకటే అయిపోయిందండీ, స్కాట్లాండ్‌లో కాదు. ప్లెయిడ్ అంటే గేలిక్‌లో దుప్పటి, మన గొంగడిలా కప్పుకునేది. దాని మీది గళ్ళ పేరు టార్టన్. ఆ గళ్ళ వరసని 'సెట్' అంటారు, పడుగులో రంగులు ఏ వరసలో ఉంటే పేకలోనూ మామూలుగా అదే వరస, అందుకే మూడు రంగుల నూలుతో ఆరు ఛాయలు కనిపిస్తాయి, ఒకే రంగు కలిసిన చోట నిండుగా, వేర్వేరువి కలిసిన చోట ఏటవాలు గీతలతో.

> గేలిక్‌లో టార్టన్‌నే అంటారా?

లేదు, 'బ్రెఖ్కన్'. 'బ్రెఖ్క్' అంటే పొడలున్నది. ట్రౌట్ చేపనీ అదే మాటతో పిలుస్తారు, మశూచికీ అదే మాట.

> అయితే మీది పొడల మఫ్లర్ అన్నమాట 😀 స్టేటస్ మార్చండి.

అది 24 గంటల్లో దానంతటదే పోయింది, బతికిపోయా.