కుటుంబ నియంత్రణలో భర్త మాట ఎంతవరకు చెల్లాలి?

సింధూర: రెండో కాన్పయి ఏడాది తిరగలేదు. ఇక చాలనిపిస్తోంది. ఆయనకేమో ఇంకొకరు కావాలని ఉంది. ఈ మాటెత్తితే "తర్వాత చూద్దాంలే" అని లేచి వెళ్లిపోతారు. ఆయన ఒప్పుకోకపోయినా నేను గర్భం రాకుండా కాపర్-టి వేయించుకోవడం తప్పా?

గృహస్థు: తప్పేనండి. పిల్లలు ఇద్దరికీ సంబంధించిన విషయం. తండ్రి కావలసిన మనిషికి తెలియకుండా ఇలాంటి పని చేస్తే, రేపు బయటపడ్డాక నమ్మకం మిగలదు. ఓపిగ్గా ఒప్పించండి.

రేవతి (కౌన్సెలింగ్ నర్సు): గృహస్థు గారూ, ఆమె అడిగింది "ఒప్పుకోకపోయినా" అని, మీరు జవాబిచ్చింది "తెలియకుండా" అని. ఈ రెండూ ఒకటి కావు.

మా గదిలో తరచూ చూసేదే ఇది. భార్యను "మాత్రలు పడ్డాయామ్మా?" అని అడుగుతాం. ఆమె నోరు తెరిచేలోపే భర్త "పడవండి, తలనొప్పి" అంటాడు. ఆ తలనొప్పి ఎన్ని రోజులుందో, ఏ మాత్ర వాడిందో అడిగితే మాత్రం ఆమె వైపు చూస్తాడు. నిర్ణయంలో పాలుపంచుకోవడమంటే ఆమె తరఫున మాట్లాడటం కాదు. ఆ మాత్ర సంగతి తనకూ తెలిసి ఉండాలి.

ఇక "తర్వాత చూద్దాం" అంటారా, అదీ ఒక నిర్ణయమే. ఆ మధ్యకాలంలో గర్భం వస్తే మోయాల్సింది ఆమె. 1976లో అమెరికా సుప్రీంకోర్టు, గర్భస్రావానికి భర్త అనుమతి ఉండాలన్న మిస్సోరి రాష్ట్ర నిబంధనను కొట్టేసింది. ఇద్దరి మాటా కలవనప్పుడు ఒకరిదే చెల్లుతుంది కాబట్టి, గర్భం మోసే ఆమె వైపే మొగ్గాలంది. గర్భం రాకుండా చూసుకోవడానికీ ఈ న్యాయమే వర్తించాలని నేనంటాను.

గృహస్థు: కోర్టు సంగతి సరే. అలా అయితే ఆయన కోరికకు విలువే లేదా?

రేవతి: ఎందుకు లేదు? కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే ఆయన అనుకున్నట్టే జరిగినా ఇప్పుడైతే ఆగాల్సిందే. కాపర్-టి 380ఎ రకం పదేళ్ల వరకు పనిచేస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు, తీశాక గర్భం రావడానికి అది అడ్డు కాదు. మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్, కడుపునొప్పి ఎక్కువగా ఉండొచ్చు. అప్పుడు ఇంట్లో పని ఆయన అందుకుంటే అదీ పాలుపంచుకోవడమే.

పాఠకుడు: వేసెక్టమీ, అంటే మగవాళ్లు చేయించుకునే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, దాని మాట ఎవరూ ఎత్తరేం? మగాళ్లకు బలం తగ్గిపోతుందనే కదా భయం?

రేవతి: ఆ భయానికి ఆధారం లేదు. కత్తిరించేది వీర్యకణాలు వచ్చే నాళాన్ని మాత్రమే. మగ హార్మోన్ రక్తంలో కలిసి వెళ్తుంది కాబట్టి దానికేమీ కాదు. వీర్యంలో కణాల వాటా చాలా కొంచెం, పరిమాణంలో తేడా కూడా తెలియదు. 1974లో చైనా డాక్టర్ లీ షున్‌చియాంగ్ రూపొందించిన పద్ధతిలో బ్లేడుతో కోత కూడా ఉండదు. ఆ చోట మత్తిచ్చి చేస్తారు, అరగంటలోపే అయిపోతుంది. ఆడవాళ్ల ఆపరేషన్‌లో పొట్ట లోపలికి వెళ్లాలి. ఇక పిల్లలు వద్దని ఇద్దరూ అనుకున్న ఇళ్లలో కూడా ఆమెనే ఆపరేషన్ బల్ల ఎక్కించడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: వేసెక్టమీ వెంటనే పనిచేయదు. సుమారు మూడు నెలలయ్యాక వీర్య పరీక్ష చేయించుకుని, కణాలు లేవని తేలేదాకా కండోమ్ వాడాలి. అయితే సింధూర గారి భర్తకు ఇంకా బిడ్డ కావాలని ఉంది కాబట్టి, ఇది ఆయనకు ఇప్పుడు చెప్పదగ్గ దారి కాదు.

గృహస్థు: కాపర్-టి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఆమెకు అసలు మూడో బిడ్డే వద్దు. ఎడం కోసమని చెప్పి వేయించుకుంటే అది ఆయన్ని మభ్యపెట్టడమే.

రేవతి: అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సింధూర గారూ, ఇంట్లో దెబ్బల భయం, బెదిరింపు ఉంటే ముందు మీ క్షేమం చూసుకోండి, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. అలాంటిదేమీ లేకపోతే రెండు మాటలూ విడివిడిగా చెప్పండి: "కాపర్-టి వేయించుకుంటున్నాను. మూడో బిడ్డ నాకు వద్దు." మొదటిదానికి ఆయన అనుమతి అక్కర్లేదు. రెండోదాని మీద ఆయనకు బాధ ఉంటే, అది కూర్చుని వినండి.