అమ్మానాన్నలకి తెలుగు బ్యాలెట్ అడగాలా, పక్కన మనం ఉంటే సరిపోదా?

ఫ్రిస్కో శీను:
అందరికీ నమస్తే. మొన్న గుడి దగ్గర ఒక కాగితం తిప్పారు, ఇక్కడ అమెరికాలో మా కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఓటు కాగితాలు తెలుగులో కూడా ఇవ్వాలని సంతకాలు పెట్టమన్నారు. నేను పెట్టలేదు. మన పెద్దవాళ్ళు ఇంగ్లీష్ పరీక్ష పాసయ్యే కదా సిటిజన్లయ్యారు, ఓటు దగ్గరకొచ్చేసరికి తెలుగు కావాలంటే ఎలా? రేపు తమిళం వాళ్ళడుగుతారు, ఎల్లుండి మలయాళం వాళ్ళు, ఖర్చంతా మన ప్రాపర్టీ టాక్స్‌లోంచే. పైగా 2025 మార్చిలో దేశానికి ఇంగ్లీషే అధికార భాష అని అధ్యక్షుడి ఆర్డర్ కూడా వచ్చింది. తిట్టకుండా చెప్పండి, నాది తప్పా?

ఫ్రీమాంట్ బాబాయ్:
తిట్టను గానీ శీనూ, ఆ పరీక్ష ఎలా ఉంటుందో చూశావా? మూడు ఇంగ్లీష్ వాక్యాలిస్తే ఒకటి చదవాలి, మూడు చెప్తే ఒకటి రాయాలి, ఇంటర్వ్యూలో కాస్త మాట్లాడాలి, అంతే. మా అమ్మ 67 ఏళ్ళప్పుడు ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకుని పాసైంది. అదే అమ్మకి ఇక్కడి బ్యాలెట్ ఇస్తే బాండు అనే అప్పు, పార్సెల్ టాక్సు అని స్థలం మీద వేసే పన్ను, 'అవును' అంటే పన్ను పెరుగుతుందో ఉన్నదే కొనసాగుతుందో, రెండుసార్లు చదివితే గానీ నాకే ఎక్కదు. ఇంకో సంగతి, గ్రీన్ కార్డు మీద 20 ఏళ్ళుండి 50 దాటినవాళ్ళకి, 15 ఏళ్ళుండి 55 దాటినవాళ్ళకి అసలు ఇంగ్లీష్ పరీక్షే లేదు, సివిక్స్ ప్రశ్నలు, అంటే దేశ చరిత్ర, ప్రభుత్వం గురించినవి, వాళ్ళ భాషలోనే. ఇంగ్లీష్ రాకపోయినా పౌరుడివే అని చట్టమే ఒప్పుకుంది కదయ్యా.
మా నాన్న తెనాలి దగ్గర 40 ఏళ్ళు ఓటేశాడు, ఏనాడూ ఎవర్నీ ఏమీ అడగలేదు, గుర్తు చూసుకోవడం వేసి రావడం. ఇక్కడ గుర్తుల్లేవు, వాటర్ బోర్డు దాకా అన్నీ పేర్లే.

ఓరుగల్లు పోరడు, న్యూజెర్సీ:
శీనన్నా, గా ఆర్డర్‌తోని ఓటు చట్టం పోదు. సంతకాలతోని తెలుగు గూడ రాదు. ఓటు హక్కు చట్టంల సెక్షన్ 203 అని ఉంటది, ఏడ వేరే భాషల ఓటు కాగితాలియ్యాల్నో గదే చెప్తది, 1975ల చేర్చిన్రు, ఇప్పటికైతే 2032 దాక ఉంటది. కౌంటీల ఓటు వయసున్న సిటిజన్లల్ల ఒక గుంపోళ్ళు, ఇంగ్లీష్ సరిగ రానోళ్ళు, 10,000 దాటాలె లేకుంటే 5 శాతం దాటాలె. గాళ్ళల్ల చదువు లేనోళ్ళ శాతం దేశం సగటు కంటె గూడ ఎక్కువుండాలె. అసలు తిరకాసు ఏందంటే మనల్ని తెలుగోళ్ళని లెక్కవెట్టరు, ఏషియన్ ఇండియన్ అని అందర్ని ఒక్క గంపల ఏస్తరు, ఏ భాష ఇయ్యాల్నో కౌంటీ చూసుకుంటది. మా మిడిల్‌సెక్స్‌ల గుజరాతీ, క్వీన్స్‌ల బెంగాలీ, షికాగో దిక్కు కుక్ కౌంటీల హిందీ. ఇగ మనకేడ వస్తది?
ఇంకోటి నవ్వొస్తది. సెన్సస్ సర్వేల ఇంగ్లీష్ ఎట్ల మాట్లాడుతరని అడుగుతరు. 'చాలా బాగ' తప్ప ఏది టిక్ పెట్టినా సరిగ రానోళ్ళ లెక్కలకే పోతది. మనోళ్ళేమో బాపు పరువు పోతదని 'చాలా బాగ' మీదనే పెడ్తరు. నేను గూడ గట్లనే పెట్టిన, అబద్ధమెందుకు.

ఫ్రిస్కో శీను:
అదే తమ్ముడూ నేననేది, రానిదానికి ఎందుకు కొట్లాట? కొడుకో కూతురో పక్కన నిలబడి చదివి చెప్తే పోయె.

ఆస్టిన్ అమ్మాయి:
శీను గారూ, ఆ పక్కన నిలబడటానికి కూడా మా టెక్సస్‌లో కోర్టుకెళ్ళాల్సొచ్చింది. 2014లో ఇక్కడ విలియమ్‌సన్ కౌంటీలో ఒక బెంగాలీ పెద్దావిడ కొడుకుని తీసుకుని ఓటుకెళ్తే, అతని ఓటు ఆ కౌంటీలో లేదని చెప్పి ఆవిడ పక్కకి రానివ్వలేదు, అప్పటి రాష్ట్రం రూలు అది. 2017లో అప్పీలు కోర్టు ఆ రూలు చెల్లదంది. ఎందుకంటే అదే ఓటు హక్కు చట్టంలో 1982 నుంచీ సెక్షన్ 208 ఉంది, చదవడం రాయడం రానివాళ్ళు తమకి నచ్చినవాళ్ళని తోడు తెచ్చుకోవచ్చు, పనిచేసే చోట యజమాని, అతని మనుషులు, యూనియన్ వాళ్ళు మాత్రం కుదరదు. తోడెళ్ళినవాళ్ళు ప్రమాణం చేయాలి. మీరన్న సంతకాల కాగితం కన్నా ఈ ముక్క గుడి నోటీసు బోర్డు మీద పెడితే ఎక్కువ పని జరుగుతుంది.

పద్మ, శాంటా క్లారా:
అందరూ కొడుకు కొడుకు అంటున్నారు. కొడుకు చెవిలో చదివితే అది రహస్య ఓటు ఎలా అవుతుందండీ? మా ఇంట్లో నాలుగుసార్లు మా మామయ్య గారే డైనింగ్ టేబుల్ మీద రెండు బ్యాలెట్లూ పరుచుకుని గళ్ళు నింపేవారు, అత్తయ్య చివర్న సంతకం పెట్టేది. ఎవరూ బలవంతం చేయలేదు, ఆవిడ ఎవరికి వేస్తావని అడిగినవాళ్ళూ లేరు, నాతో సహా.
కాలిఫోర్నియాలో వేరే రూలు ఉంది, ఒక పోలింగ్ ప్రాంతంలో ఓటు వయసున్నవాళ్ళలో ఇంగ్లీష్ సరిగా రాని ఒక భాషవాళ్ళు 3 శాతం ఉంటే ఆ భాషలో నమూనా బ్యాలెట్ ఇస్తారు, మా కౌంటీలో తెలుగు ఉంది. అది చూసుకోవడానికే, గళ్ళు మాత్రం మామూలు బ్యాలెట్ మీదే నింపాలి. పోయినసారి అడిగి తెప్పించా. తెలుగు కొంచెం ప్రభుత్వ గెజిట్‌లా ఉంది, ఒకచోట అత్తయ్య 'దీనికన్నా ఇంగ్లీషే నయమే' అంది కూడా. కానీ భూతద్దం పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చుంది, పక్కపక్కన పెట్టుకుని వరస లెక్కపెట్టుకుంటూ తనే నింపింది. మామయ్య గారు వంగి చూడబోతే కాగితం మీద పళ్ళెం బోర్లించింది.

ఫ్రిస్కో శీను:
😂 పళ్ళెం బాగుంది. ఖర్చు మాట మీద నేనింకా అక్కడే ఉన్నా, కానీ మా అమ్మ ఓటు కూడా నేనే నింపుతున్నా అని ఇప్పుడే గుర్తొచ్చింది. ఇంతకీ అత్తగారు ఎవరికేశారు?

పద్మ, శాంటా క్లారా:
అడిగా. 'మీ మామయ్యకే చెప్పలా, నీకు చెప్తానా' అంది.