బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ఒక్క బ్లాక్‌లో నలుగురు పిల్లలకి ఆస్తమా, అందరం కలిసి ఏం చెయ్యొచ్చు?

హూడి_అమ్మ

అందరికీ నమస్తే. మాది మదనపల్లె, ఆరేళ్ళుగా బెంగళూరులో హూడి దగ్గర ఉంటున్నాం. మా బాబుకి ఏడేళ్ళు, నాలుగో ఏట నుంచీ ఆస్తమా. మొదట్లో పిల్లికూతలన్నారు, తర్వాత వీజింగ్ అన్నారు, చివరికి చీటీ మీద ఆస్తమా అని రాశారు, ఆ మాట ఒప్పుకోడానికే మాకు ఏడాది పట్టింది. ఇప్పుడు రెండు పూటలా ప్రివెంటర్ ఇన్‌హేలర్ (ఆయాసం రాకుండా రోజూ వాడేది) స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే గొట్టంతో ఇస్తున్నాం, ఇంట్లో కార్పెట్ తీసేశాం, దుప్పట్లు దిండు గలీబులు వారం వారం వేడినీళ్ళలో వేస్తున్నా, అగరబత్తి కూడా మానేశాం. ఇంట్లో చెయ్యాల్సినవన్నీ చేస్తున్నా గానీ గుమ్మం దాటితే నా చేతిలో ఏముంది చెప్పండి.

మా కాంపౌండ్ వెనక ఖాళీ సైట్ ఉంది. పొద్దున ఆరున్నరకి అక్కడ ఎండుటాకులు, వాటితో పాటే ప్లాస్టిక్ కవర్లు కుప్పేసి తగలబెడతారు. మాది మూడో అంతస్తు, ఆ పొగ బాల్కనీ మెష్‌లోంచి నేరుగా వాడి మంచం దగ్గరికొస్తుంది. పోయిన నెల ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి వెళ్ళి చూస్తే వాడు మోకాళ్ళ మీద చేతులాన్చుకుని ముందుకి వంగి కూర్చుని డొక్కలెగరేస్తున్నాడు, గొంతు కింద గుంట పడిపోతోంది, అమ్మా అని పిలవడానికి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సొచ్చింది వాడికి. పాలు పొంగి స్టవ్ ఆరిపోయిన సంగతి నాకు ఆస్పత్రిలో గుర్తొచ్చింది.

ఇంకోటి స్కూలు. ఇన్‌హేలర్ బ్యాగులో పెట్టొద్దు ఆఫీసులో ఇవ్వండి అన్నారు, ఇచ్చాం. పీటీ పీరియడ్‌లో ఆయాసం వస్తే బీరువా తాళం ఉన్నాయన భోజనానికి వెళ్ళారంట, ఇరవై నిమిషాలు పిల్లాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించారు. తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళూ చేతులూ ఆడవు.

మొన్న లిఫ్ట్‌లో ఒకావిడ చేతిలో అచ్చం మాలాంటి స్పేసరే కనిపించింది, అలా ఒకరి ద్వారా ఒకర్ని అడుగుతూ పోతే మా బ్లాక్‌లోనే నలుగురు పిల్లలు తేలారు. ఎవరికి వాళ్ళం తలుపులేసుకుని అర్ధరాత్రి నెబులైజర్ పెట్టుకుంటున్నాం. అందరం కలిసి చెయ్యగలిగింది ఏదైనా ఉందా? మీ అపార్ట్‌మెంట్‌లో గానీ స్కూల్లో గానీ ఎవరైనా చేసుంటే ఎలా మొదలుపెట్టారో చెప్పండి ప్లీజ్.

సర్జాపుర_నాన్న

అక్కా, మాకు పాప, తొమ్మిదేళ్ళు, మీరు రాసింది చదువుతుంటే మా ఇంట్లో జరిగినట్టే ఉంది. పొగ విషయంలో మేము మొదట తప్పు దారిలో వెళ్ళాం, అది చెప్తా. అసోసియేషన్‌లో కంప్లైంట్ పెట్టాం, మేనేజర్ వెళ్ళి హౌస్‌కీపింగ్ వాళ్ళని కేకలేశాడు, పొగ ఆగలేదు, పొద్దున తగలబెట్టేది రాత్రి తగలబెట్టారు అంతే. తర్వాత మా ఆవిడ వెళ్ళి ఊడ్చే అక్కతో కూర్చుని మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. ఆవిడది రాయదుర్గం వైపు, మన తెలుగే. చెత్త బండివాడు ఆకులు తీసుకోడమ్మా, ఇక్కడే ఉంచితే మీవాళ్ళు ఫొటో తీసి గ్రూపులో పెడతారు, నన్నేం చెయ్యమంటారు అంది. వాళ్ళమ్మాయికీ రాత్రిళ్ళు దగ్గేనంట, ఆ పొగ పక్కనే ఉండేది ఆవిడే కదా.

అప్పుడు ఇనుప మెష్‌తో మనిషి నడుమెత్తు గంపలు రెండు కట్టించి గోడ పక్కన పెట్టాం, ఆకులన్నీ అందులోనే. వారానికోసారి పేడ నీళ్ళు గానీ పుల్ల మజ్జిగ గానీ చల్లి తడిగా ఉంచితే కొన్ని నెలలకి నల్లటి ఎరువైపోతుంది, ఇప్పుడు మొక్కలున్నవాళ్ళు అడిగి పట్టుకెళ్తున్నారు. పొగ పూర్తిగా ఆగింది. బయటివాళ్ళు వచ్చి తగలబెడితే మాత్రం ఊరుకోవద్దు, బయట చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 జరిమానా అని పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ 2016లోనే ఆర్డరిచ్చింది. ఆ ఆర్డర్ కాపీ ప్రింట్ తీసి సైట్ ఓనర్‌కి ఇచ్చాం, గొడవ లేకుండా గేటుకి తాళమేసుకున్నాడు.

ఇంకోటి, ఆ ఖాళీ సైట్‌లో వయ్యారిభామ మొక్క ఉందేమో చూడండి, ఇక్కడివాళ్ళు కాంగ్రెస్ గిడ అంటారు, తెల్లటి చిన్న పూలు. దాని పుప్పొడి చాలామందికి పడదు. పూతకి రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా పీకించాలి, గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే చేతులు దద్దుర్లొస్తాయి.

వార్డు_సిస్టర్

నేను పిల్లల వార్డులో నర్సుని, పదకొండేళ్ళుగా బెంగళూరులోనే. ముందుగా మీ నలుగురు తల్లులూ మా పెంపకంలో లోపమని మాత్రం అనుకోవద్దండి. ఈ ఊళ్ళో డాక్టర్ పరమేశ్ గారు 1979 నుంచి 1999 దాకా ఆస్పత్రికొచ్చిన 20,000 మంది పిల్లల లెక్క తీస్తే ఆస్తమా 9 శాతం నుంచి 29.5 శాతానికి పెరిగింది. ఊరంతటి లెక్క కాదు, ఆస్పత్రికొచ్చినవాళ్ళదే, కానీ ఇరవై ఏళ్ళలో బండ్లూ దుమ్మూ ఎంత పెరిగాయో ఆ అంకెల్లో కనిపిస్తుంది.

అందరూ కలిసి చెయ్యాల్సిన మొదటి పని ఏదంటే నేనైతే ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో ఒకరిదొకరు చూడ్డం అంటా. వార్డులో మళ్ళీ మళ్ళీ అడ్మిట్ అయ్యే పిల్లల తల్లిని నా ముందు వాడి చూపించమ్మా అంటే రెండు పఫ్‌లూ ఒకేసారి కొట్టేస్తుంది, లేదా ఊపకుండా కొడుతుంది, మాస్క్ బుగ్గకి ఆనకుండా పక్కనుంచి మందంతా పోతుంటుంది. బాగా ఊపాలి, ఒక్క పఫ్ కొట్టాలి, పిల్లాడు మామూలుగా ఐదారు శ్వాసలు తీసుకోవాలి, అర నిమిషం ఆగి రెండోది. ప్రివెంటర్ తర్వాత నోరు పుక్కిలించాలి. స్పేసర్‌ని సబ్బునీళ్ళలో ముంచి తీసి అలాగే ఆరబెట్టాలి, గుడ్డతో తుడిస్తే లోపల మందు గోడకి అంటుకుపోతుంది.

మీ హౌస్‌కీపింగ్ వాళ్ళ పిల్లల్ని కూడా పిలవండి. స్పేసర్ కొనలేనివాళ్ళకి 500 మి.లీ. ప్లాస్టిక్ బాటిల్ అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి గాలి పోకుండా అంటిస్తే పనికొస్తుంది, దక్షిణాఫ్రికా డాక్టర్లు పరీక్ష చేసి చూసి 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు.

స్కూలు సంగతి. తాళం వేసిన బీరువాలో ఉన్న ఇన్‌హేలర్ లేనట్టే లెక్క. డాక్టర్ చేత ఒక్క పేజీ రాయించండి, పైన బాబు ఫొటో, కింద సంతకం. నలుగురు తల్లిదండ్రులూ కలిసి వెళ్ళండి, ఒక్కరు వెళ్తే అమ్మకి భయమెక్కువ అంటారు. ఆ పేజీలో ఇది ఉండాలి, ఆస్ట్రేలియా స్కూళ్ళలో నేర్పించేది ఇదే: కూర్చోబెట్టాలి, ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం ఇన్‌హేలర్ ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, పఫ్‌కి నాలుగు శ్వాసలు, నాలుగు నిమిషాలు ఆగాలి, తగ్గకపోతే మళ్ళీ నాలుగు, అప్పటికీ తగ్గకపోతే 108. మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆ నాలుగు నిమిషాలూ చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేసి పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. ఈ పేజీ పీటీ సార్‌కి తప్పకుండా చేరాలి, ఆయాసం వచ్చేది ఎక్కువగా ఆయన పీరియడ్‌లోనే.

దోమల కాయిల్ గురించి కూడా గ్రూపులో పెట్టండి. ఒక్క కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నటి పొగ 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో తేల్చారు. పక్క ఫ్లాట్‌లో వెలిగించినా కారిడార్‌లోంచి వస్తుంది. వల కట్టుకోండి.

మహదేవపుర_కోడలు

సిస్టర్, మా అత్తగారు మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్ళి చేపమందు వేయిద్దాం అంటున్నారు, ఇన్‌హేలర్ అలవాటైపోతుంది ఇక మానదు అని ఆవిడ భయం. పాపకి ఐదేళ్ళు. ఆవిడ మనసు కష్టపెట్టాలని లేదు, ఏం చెప్పాలి?

వార్డు_సిస్టర్

ఆవిడ భయం నాకు అర్థమవుతుందమ్మా, మా నాయనమ్మా అదే అనేది. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. లోపల గాలి గొట్టాల్లో వాపు ఉంటుంది, ప్రివెంటర్ ఆ వాపుని రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తుంది, మాత్రలో సిరప్‌లో కంటే చాలా తక్కువ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మానేస్తే వాపు మళ్ళీ వస్తుంది, అలవాటు వల్ల కాదు. పాపం చాలామంది చేపమందు వేసుకొచ్చి ప్రివెంటర్ ఆపేస్తారు, ప్రమాదం అక్కడుంది. నా మాటైతే ఆ జనంలోకి ఐదేళ్ళ పాపని తీసుకెళ్ళొద్దు, ఎవరేమన్నా డాక్టర్ చెప్పేదాకా ప్రివెంటర్ ఒక్క పూట కూడా ఆపొద్దు. ఈసారి చెకప్‌కి అత్తగారిని కూడా తీసుకెళ్ళి డాక్టర్ చేతే చెప్పించండి, మనం చెప్తే వినరు గానీ డాక్టర్ చెప్తే వింటారు.

బెళ్ళందూరు_తెనాలి

మేము బోస్టన్‌లో మూడేళ్ళుండి వచ్చాం. అక్కడ పిల్లల ఆస్పత్రి వాళ్ళు 2005 నుంచి ఒక పని చేస్తున్నారు, ఆస్తమాతో ఎమర్జెన్సీకొచ్చిన పేద పిల్లల ఇళ్ళకి నర్సుని గానీ ఆ పేటలోని ఆరోగ్య కార్యకర్తని గానీ పంపిస్తారు. వాళ్ళు ఇల్లంతా చూసి పరుపు కవర్లు ఇస్తారు, బొద్దింకలకి మందు పెట్టిస్తారు, మందులు ఎలా వాడుతున్నారో చూస్తారు. ఇంటి ఓనర్ చెమ్మ బాగుచేయించకపోతే డాక్టరే సిటీ ఇన్‌స్పెక్టర్లకి రాయొచ్చు. ఏడాది తిరిగేసరికి ఎమర్జెన్సీకి వెళ్ళిన పిల్లలు 68 శాతం తగ్గారు. మందు కొత్తదేం కాదు, ఇంటికి మనిషి వెళ్ళారు అంతే.

కన్‌స్ట్రక్షన్ దుమ్ము గురించి ఎవరూ అనలేదు. ఒక్క సైట్ వల్ల ఏమవుతుందిలే అని బిల్డర్లు అంటారు కదా, బార్సిలోనాలో 1980ల్లో ఉన్నట్టుండి ఒకేరోజు చాలామంది ఆయాసంతో ఆస్పత్రులకి పరిగెత్తేవాళ్ళు, వెతగ్గా వెతగ్గా రేవులో సోయా గింజలు దించే గోదాము దుమ్మని తేలింది, దానికి ఫిల్టర్లు బిగించాక ఆ విడ్డూరం ఆగింది. అందుకే మా వెనక సైట్ వాళ్ళని వదల్లేదు మేము, గ్రీన్ నెట్ కట్టించి ఇసుక మీద పట్టా కప్పించి రోజుకి రెండుసార్లు నీళ్ళు కొట్టిస్తున్నాం.

హూడి_అమ్మ

చదువుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి, ఇన్నాళ్ళూ ఇవన్నీ నాకొక్కదానికే అనుకున్నా. ఈ సాయంత్రం మా వెనక ఊడ్చే ఆయనతో మాట్లాడా, ఆయన మాటా అదే, బండి తీసుకోదు అని. గంపలకి ఎంతవుతుందో సర్జాపుర అన్నా చెప్పండి, నాలుగు ఇళ్ళవాళ్ళం వేసుకుంటాం, అసోసియేషన్‌ని తర్వాత అడుగుదాం. స్కూలుకి సోమవారం నలుగురం కలిసే వెళ్తున్నాం, డాక్టర్ దగ్గర పేజీ రాయించుకున్నా, బాబు ఫొటో అంటించా.

సిస్టర్, నేను కూడా స్పేసర్‌ని ఇన్నాళ్ళూ గుడ్డతో తుడుస్తున్నా. ఈ ఆదివారం పదకొండుకి మా క్లబ్‌హౌస్ ఖాళీగా ఉంది, మీకు డ్యూటీ లేకపోతే ఒక్క గంట రాగలరా? ఆ ఊడ్చే ఆయన మనవడు కూడా వస్తాడు, బాటిల్ ఇన్‌హేలర్ రెండూ తెచ్చి పెడతాను.