సీసాలో మందు ఉండి కూడా మా పాపకి తట్టు సూది వేయలేదు

వైరా అమ్మ:
మాది ఖమ్మం జిల్లా, వైరా దగ్గర పల్లె. పాపకి మొన్ననే తొమ్మిది నెలలు నిండినయ్. ఇయ్యాల బుధవారం గదా, మిరపతోటల కూలి సగంల వదిలేసి మూడింటికి అంగన్‌వాడీకి ఎత్తుకపోయిన. సీసాల మందు సగం కనబడుతనే ఉన్నది. నర్సమ్మ "టైం అయిపోయింది, శనివారం రా" అని పక్కన పెట్టేసింది. అది ఇగ వాడరంట! ఉన్న మందు నా బిడ్డకి వేస్తే ఏం పోయేది? ఐదు రోగాలకు కలిపి వేసే పెంటా సూదికి పొద్దుగూకినాక పోయినా వేసిండ్రు. మా వీధిల ఒక పిల్లగానికి తట్టు వచ్చింది, నాకు భయమైతంది.

రిటైర్డ్ ఏఎన్ఎం:
ఆమె మీద కోపం పెట్టుకోకమ్మా. ముప్పై ఏళ్ళు ఈ పనే చేశాను. తట్టు-రుబెల్లా మందు పొడిగా వస్తుంది. మొదటి బిడ్డ రాగానే దాంతో ఇచ్చిన నీళ్ళు కలిపి, సీసా మీద టైం రాస్తాం. అక్కడి నుంచి నాలుగు గంటలే. క్రిములు పెరగకుండా ఆపే మందు అందులో ఉండదు. 2017లో దక్షిణ సూడాన్‌లో కలిపిన మందుని చల్లగా ఉంచకుండా, ఒకే సిరంజి మళ్ళీ మళ్ళీ వాడి, రోజుల తరబడి వేస్తే 15 మంది పిల్లలు చనిపోయారు.

పెంటా అలా కాదు, ద్రవంగానే వస్తుంది. తెరిచాక కూడా పద్ధతిగా చల్లగా ఉంచితే 28 రోజులు వాడొచ్చు. కాకపోతే గడ్డకడితే పనికిరాదు. అందుకే ఐస్‌ప్యాకులు బయట పెట్టి, చెమట పట్టాక, ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళ చప్పుడు వినబడ్డాకే డబ్బాలో నాలుగూ సర్దుకుని బస్సెక్కేదాన్ని.

తట్టు వచ్చిన ఆ బాబున్న ఇంటికి పాపని తీసుకెళ్ళావా?

మధిర రైతు:
అమ్మా, కూలికి పోయేటోళ్ళు పన్నెండింటికి ఎట్ల వస్తరు? ఆ నాలుగు గంటల ముచ్చట ముందే చెప్పాలె గదా.

రిటైర్డ్ ఏఎన్ఎం:
నిజమే అన్నా. ముందురోజే ఇంటికెళ్ళి చెప్పాల్సింది. అక్కడ తప్పు మా వైపే.

వైరా అమ్మ:
నిన్న పొద్దున ఆళ్ళింట్ల అరగంట కూసున్నం అమ్మా. పిల్లగాడు లోపల పండుకున్నడు.

రిటైర్డ్ ఏఎన్ఎం:
అయితే శనివారం దాకా ఆగొద్దు! తట్టు గాలిలోనే అంటుతుంది, రోగి లేచి వెళ్ళిపోయినా రెండు గంటల వరకు ఆ గదిలో ఉంటుంది. కలిసిన మూడు రోజుల్లోపు టీకా పడితే రాకుండా ఆగొచ్చు, వచ్చినా తేలిగ్గా పోవచ్చు. రేపు పొద్దున్నే పీహెచ్‌సీకి వెళ్ళి డాక్టరుగారికి ఇదే మాట చెప్పు. ఆ బాబు సంగతి ఆశా కార్యకర్తకి కూడా చెప్పు, రక్తపరీక్షకి పంపిస్తారు.

వైరా అమ్మ:
పోయినం అమ్మా. కుడి చెయ్యికి సూది వేసి, విటమిన్ ఎ మందు తాగించిండ్రు. అరగంట కూసోబెట్టిండ్రు. సీసా మీద 10:20 అని రాసింది నేనే చదివిన. ఇయ్యాల గురువారం, టీకాల రోజు కాదు గదా, నా ఒక్క బిడ్డ కోసమే కొత్త సీసా తీసిండ్రు.