కట్టిన డబ్బు తీసుకుని ఏరేటర్ ఆర్డర్ వాళ్లే రద్దు చేశారు, ఏం చేయొచ్చు?

ఆకివీడు రైతు:
అందరికీ నమస్కారం అండి. నాది రెండెకరాల రొయ్యల చెరువు, లీజుకు తీసుకున్నది. నేనూ మా తమ్ముడూ చూసుకుంటాం. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఉన్నాయి, వాటిలో ఒకదాని గేర్ బాక్స్ పోయింది. ఆన్‌లైన్‌లో రెండు హెచ్‌పీది చూసి రూ.31,500 యూపీఐలో కట్టేశాను. ఆర్డర్ కన్ఫర్మ్ అని మెసేజ్ వచ్చింది, డెలివరీ తేదీ కూడా చెప్పారు. తీరా ఆ తేదీ దగ్గర పడ్డాక స్టాక్ లేదంటూ వాళ్లే రద్దు చేశారు. చూస్తే అదే సైట్లో అదే ఏరేటర్ రూ.36,000కి పెట్టి ఉంది, కొనుక్కోవచ్చు కూడా! ఫోన్ చేస్తే మీ డబ్బు మా వాలెట్‌లో వేసేస్తాం, వెంటనే పడిపోతుంది, బ్యాంకుకైతే ఆలస్యం అంటున్నారు. ఇక్కడేమో తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్) పడిపోయి రొయ్య గట్టు వెంబడి పైకి తేలిపోతోంది. ఆగలేక భీమవరం షాపులో రూ.35,800 పెట్టి వేరేది తెచ్చి దింపాను. ఆ తేడా అడిగే హక్కు నాకు ఉందా అండి?

పాలకొల్లు:
అసలు వెనక్కి వస్తే అదే పదివేలు అనుకోండి బాబూ. ఈ మాత్రానికి కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?

అమలాపురం:
అలా వదిలేస్తేనే కదండీ వాళ్లకి అలవాటయ్యేది. రిజర్వు బ్యాంకు రూల్ ఉంది, రీఫండ్ ఆలస్యమైతే రోజుకి రూ.100 ఇవ్వాలి. బ్యాంకులో అడగండి.

తణుకు (బ్యాంకు ఉద్యోగి):
అమలాపురం గారు, ఆ రూ.100 సంగతి ఇక్కడ వర్తించదండి. అది 2019 సెప్టెంబరులో వచ్చిన సర్క్యులర్. ఖాతాలో డబ్బు కట్ అయ్యి, షాపువాడికి చేరినట్టు కన్ఫర్మేషన్ రాని లావాదేవీల కోసం పెట్టింది. యూపీఐలో షాపుకి కట్టినదైతే లావాదేవీ రోజు తరవాత 5 రోజుల్లోగా వెనక్కి వెయ్యాలి, దాటితే రోజుకి వంద. ఈయన డబ్బు వాళ్లకి చక్కగా చేరింది, ఆర్డర్ కూడా కన్ఫర్మ్ అయింది. తరవాత వాళ్లు రద్దు చేసుకున్నారు. బ్యాంకు మీద పడి లాభం లేదు.

కానీ వాలెట్ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. పేమెంట్ అగ్రిగేటర్లకు, అంటే సైట్ల తరఫున మన డబ్బు వసూలు చేసే కంపెనీలకు, రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బు ఏ దారిన వచ్చిందో రీఫండ్ ఆ దారినే పోవాలి. కస్టమర్ తనంతట తాను ఒప్పుకుంటేనే వేరే దారి. వాళ్లు పంపే లింకులో వాలెట్ బటన్ నొక్కారంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తరవాత ఆ డబ్బుతో వాళ్ల దగ్గరే కొనాలి, రూ.36,000కి! కాబట్టి నొక్కకండి. నా బ్యాంకు ఖాతాకే వెయ్యండి అని మెయిల్ పెట్టండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. రీఫండ్ వేశాం అన్నప్పుడు రిఫరెన్స్ నంబరు అడగండి. యూపీఐది 12 అంకెలు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని వస్తే డబ్బు ఎక్కడ ఉందో బ్రాంచిలో చూసి చెప్పగలం. అది లేకుండా వేశాం సార్, వస్తుంది సార్ అన్న మాటకి విలువ లేదు.

ఇంకో మాట. కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతక్కండి. రీఫండ్ ఇస్తామని స్క్రీన్ షేర్ యాప్ వేయించి ఖాతా ఊడ్చేసేవాళ్లు అక్కడే కాపు కాసుకుని ఉంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నాడంటే దొంగే. పొరపాటున పోతే వెంటనే 1930కి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చెయ్యండి.

రాజోలు:
అసలు ప్రశ్నకి వద్దాం, హక్కు ఉందా లేదా అని. ఉంది, కానీ ముందు ఒక మెలిక తేల్చుకోవాలి. మీరు కొన్నది ఇంట్లో మిక్సీ కాదు, చెరువులో ఏరేటర్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు. అవతలివాళ్లు మొదట పట్టుకునే వాదన ఇదే. అయితే స్వయంగా పని చేసుకుని బతుకుతెరువు కోసమే వాడుకునే వస్తువుకి అదే నిర్వచనంలో మినహాయింపు ఉంది. మీరూ మీ తమ్ముడూ గట్టు మీద ఉండి మేత వేసుకుంటూ చేస్తున్న రెండెకరాలు ఆ మినహాయింపు కిందికి వస్తాయని గట్టిగా వాదించొచ్చు. వంద ఎకరాలు సాగు చేస్తూ కూలీలతో, మేనేజర్లతో నడిపేవాళ్లకి ఈ దారి కష్టం. ఫిర్యాదులో మొదటి పేరాలోనే ఈ మాట రాయండి, లీజు కాగితం జత చెయ్యండి. ఆర్డర్ పెట్టేటప్పుడు జీఎస్టీ నంబరు ఇచ్చారా?

ఆకివీడు రైతు:
లేదండి, జీఎస్టీ గొడవ ఏమీ లేదు. నా పేరు మీదే, ఇంటి అడ్రసుకే పెట్టాను.

రాజోలు:
మంచిదైంది, ఇచ్చి ఉంటే వ్యాపారం కోసమే కొన్నారని వాళ్లు వాదించేవాళ్లు. ఇక రద్దు సంగతి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల్లో ఒకటి చాలామందికి తెలీదు. కన్ఫర్మ్ అయ్యాక మనం రద్దు చేసుకుంటే చార్జీ వేసే సైటు, తను ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి చార్జీయే తనూ భరించాలి. ఆ సైటు షరతుల్లో క్యాన్సిలేషన్ చార్జీ ఉందేమో చూసి, ఉంటే ఆ పేజీ దాచుకోండి. లేకపోతే ఈ నిబంధన మనకి పెద్దగా పనికిరాదు, ఆశ పెట్టుకోకండి.

మీ అసలు బలం వేరే ఉంది. డబ్బు తీసుకుని, కన్ఫర్మ్ చేసి, స్టాక్ లేదని అబద్ధం చెప్పి, అదే సరుకు ఎక్కువ ధరకి పెట్టడాన్ని సేవలో లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాయొచ్చు. స్టాక్ లేదన్న మెసేజ్, రూ.36,000 చూపించే పేజీ, రెండూ తేదీతో సహా పక్కపక్కన పెడితే వాళ్లు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. వాళ్లు ఏమంటారో కూడా చెబుతాను. సరుకు పంపాకే ఒప్పందం పూర్తవుతుందని మా షరతుల్లో ఉంది అంటారు. చాలా సైట్లు అలాగే రాసుకుంటాయి. అందుకే కేసు నూటికి నూరు మీదే అని నేను అనను.

ఎంత అడగాలి అంటే, అసలుతో పాటు ధర తేడా రూ.4,300, డబ్బు వాళ్ల దగ్గరున్నన్నాళ్లకి వడ్డీ, తిప్పలకి ఖర్చులకి కొంత. భీమవరం బిల్లు ఒరిజినల్ జాగ్రత్త. రొయ్య చచ్చిపోతే ఆ నష్టం కూడా అడగాలనిపిస్తుంది గానీ, అది వాళ్ల రద్దు వల్లే జరిగిందని చూపించడం తలకి మించిన పని. గొంతెమ్మ కోరికలు రాస్తే మన నిజం కూడా తేలికైపోతుంది.

పాలకొల్లు:
సరే, ఇదంతా రాసి లాయరుకి ఎంత ఇవ్వాలి?

కాకినాడ:
లాయరు తప్పనిసరి కాదండి. కొన్న సరుకు విలువ రూ.5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. వాళ్ల ఆఫీసు ఎక్కడుంటే అక్కడికి పోనక్కర్లేదు, మనం ఉండే చోటే వెయ్యొచ్చు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు, వీడియో ద్వారా విచారణ కావాలని అడగొచ్చు. ఫిర్యాదు వెయ్యడానికి గడువు 2 ఏళ్లు. అవతలివాళ్లు జవాబివ్వడానికి 30 రోజులు, పైన ఇంకో 15, అంతకి మించి ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, ఆ లెక్క నమ్ముకుని తేదీలు వేసుకోకండి.

కమిషన్ దాకా పోకముందు రెండు మెట్లు ఎక్కండి. సైట్లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, మెయిల్ ఉంటాయి, ఉండి తీరాలి. అక్కడ ఫిర్యాదు పెడితే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. దాంతో పాటే 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారంతే. మా వదిన ఫ్రిజ్ డబ్బు ఆగిపోతే అక్కడితోనే కదిలింది, కమిషన్ దాకా వెళ్లలేదు. 1915లో మీ ఫిర్యాదుకి డాకెట్ నంబరు ఇస్తారు, రాసుకోండి.

ఆకివీడు రైతు:
రాత్రే మెయిల్ పెట్టేశానండి, వాలెట్ వద్దని. రేపు 1915కి చేస్తాను. ఒక్క అనుమానం. సైటు ఒకరిది, అమ్మేవాడు వేరే కంపెనీ అని ఆర్డర్లో ఉంది. ఫిర్యాదు ఎవరి మీద వెయ్యాలి?

రాజోలు:
ఇద్దరి మీదా వెయ్యండి. లేకపోతే సైటేమో అమ్మేవాణ్ణి చూపిస్తుంది, అమ్మేవాడు సైటుని చూపిస్తాడు. అమ్మేవాడి పేరు, చిరునామా సైటు చూపించాలని ఆ నిబంధనల్లోనే ఉంది. ఆర్డర్ పేజీలో సెల్లర్ పేరు మీద నొక్కితే వస్తుంది. రద్దయిన ఆర్డర్ల పేజీలు కొన్నాళ్లకి మారిపోతుంటాయి, అందుకని ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి మీ తమ్ముడి ఫోన్‌కి కూడా పంపించుకోండి.