హోతో సూప్: పట్టీలు విడిగా ఉడకబెట్టాల్నా?

హన్మకొండ_వంటిల్లు:
జపాన్‌ల యమనాషి వాళ్ల హోతో (కూరగాయల పులుసుల ఉడికే వెడల్పాటి గోధుమ పట్టీలు) నలుగురికి చెయ్యాలె. ఉడోన్‌కు (జపాన్ వాళ్ల లావు గోధుమ నూడుల్స్) లెక్క పిండిల ఉప్పేసి, పట్టీలు విడిగా ఉడికించి వార్చాల్నా? మన గుమ్మడికాయ పనికొస్తదా? ఇంట్ల ఒకరు చేప తినరు.

కాజీపేట_గిర్ని:
ఉప్పు వెయ్యొద్దు, వార్చొద్దు. ఉడోన్ పిండిల ఉప్పుంటది గనుక ఆ నీళ్లు పారబోస్తరు. హోతోకు ఉప్పుండదు, పచ్చి పట్టీలే నేరుగా మరిగే గిన్నెల పడతయి. వాటికంటిన పొడిపిండితోనే పులుసు చిక్కబడతది, తాల్కల పాశం లెక్క. అందుకే పొడిపిండి పూర్తిగ దులపొద్దు. యమనాషికే యోషిదా ఉడోన్ కూడా ఉంది. 2007ల జపాన్ వ్యవసాయ శాఖ ఎంచిన ప్రాంతీయ వంటల్ల రెండూ ఉన్నయి. ఆ రెండు పద్ధతులు కలపకండి.

మైదా 200 గ్రాములు, గోధుమపిండి 100, నీళ్లు 150 మి.లీ. చపాతీ పిండికన్న గట్టిగుండాలె. 3 మి.మీ. మందం ఒత్తి, సెంటీమీటరు వెడల్పు కొయ్యండి. ఒత్తుతుంటే వెనక్కి గుంజుకుంటే పావుగంట మూతపెట్టి ఆగండి. పల్చగ ఒత్తితే ఉడుకుల తునిగిపోతయి.

మానేరు_గట్టు:
పులుసు సంగతి నేను చెప్తా. నీళ్లు ఒకటిన్నర లీటరు. అక్కడ నిబోషి అనే చిన్న ఎండు చేపలు వేస్తారు. ఇక్కడ ఎండు నెత్తళ్ళు 30 గ్రాములు చాలు. తల, పేగు తీయకపోతే చేదు. ఉప్పు పట్టించినవైతే బాగా కడగండి. చేప వద్దంటే ఆరు ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లే వాడండి.

అసలు చిక్కు గుమ్మడికాయతోనే. జపాన్ గుమ్మడి కబోచా పిండిపిండిగా ఉండి, సగం కరిగి పులుసుకు తీపినిస్తుంది. మనదాంట్లో నీరెక్కువ. బాగా ముదిరినది 400 గ్రాములు, తొక్కతోనే పెద్ద ముక్కలు కోసి, తోడుగా 100 గ్రాముల మోరంగడ్డ వేయండి. చామగడ్డ ముందే ఉడికించి పొట్టు తీయాలి, లేకుంటే గొంతు దురద.

ముల్లంగి, క్యారెట్ ఐదు నిమిషాలు ఉడికాక గుమ్మడి, మోరంగడ్డ, చామగడ్డ, 50 గ్రాముల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద). మళ్లీ తెర్లేటప్పుడు పట్టీలు విడివిడిగా వదలండి. నిమిషం దాకా గరిటె పెట్టొద్దు, తర్వాత అడుగు నుంచి కలుపుతూ పది నిమిషాలు. ఉల్లికాడలు, ఇంకో 50 గ్రాముల మిసో పొయ్యి ఆర్పాకే. అంతా ముందే వేసి మరిగిస్తే వాసన పోతుంది, అంతా చివర్లో వేస్తే ముక్కలకు రుచి పట్టదు.

హన్మకొండ_వంటిల్లు:
మిసో దొరకకుంటే సోయా సాస్?

కాజీపేట_గిర్ని:
వద్దండి, అది వేరే సూప్ అయితది. మిసో ఆన్‌లైన్ల తెప్పించుకుని ఫ్రిజ్‌ల పెట్టుకోండి. సూప్ మిగిలితే తెల్లారి గట్టిపడతది; వేడినీళ్లు పోసి సన్న మంట మీద కాగబెట్టండి, మళ్ల మిసో వెయ్యకండి.